మూడో దెబ్బ తర్వాత

డప్పు కాచేటప్పుడు మాట్లాడకూడదనేవాడు మా అయ్య.
కొబ్బరి మట్టల మంట. తోలు
మెల్లగా బిగుసుకుంటుంటే
చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూసేవాడు,
పుచ్చకాయ కొనేవాడిలా.

ఆదివారం చర్చిలో ఆయన దావీదు.
మంగళవారం ముత్యాలమ్మ దగ్గర వట్టి డప్పు.
పాస్టరుగారు అడిగితే
"కూలికెళ్ళానండి" అనేవాడు. అబద్ధం కాదు.
పూర్తి నిజమూ కాదు.

నాకు నేర్పింది ఒక్కటే:
"చిర్రతో మూడు. చిటికెన పుల్లతో ఓ గీర.
మూడోదానికీ నాలుగోదానికీ మధ్య
వెంట్రుకంత సందు వదులు.
ఆళ్ళెళ్ళేది అందులోంచే.
నువ్వెళ్ళకు.
తలుపు తీసినోడు గుమ్మం బయటే ఉండాలి."

సంగాడి నూకాలు
ఏడాదంతా షెడ్డులో రొయ్యల తలలు తుంచుతుంది.
ఐసునీళ్ళకి వేళ్ళు నానిన అటుకుల్లా తెల్లగా.
కిలోకింత. లెక్క తప్పు రాసినా
నోరు తెరవదు.

జాతరనాడు ఆ నోరే...
కాదు, ముందు మడమ. ఎప్పుడూ మడమే ముందు.
ఎడమ మడమ నేలని తొక్కడం మానేసి
నా దెబ్బని తొక్కుతుంది.
తర్వాత మెడ. కొప్పు వీడి
పసుపునీళ్ళు చిమ్ముతూ జుట్టు
గాలిలో ఒక చక్రం గీస్తుంది.
ఆ చక్రంలో ఆమె ఉండదు.

వేపమండలు, సాంబ్రాణి పొగ, జనరేటరు మోత.
చెరువుల కామందులు చేతులు కట్టుకుని అడుగుతారు:
"తల్లీ, ఈ పంటకైనా తెల్లమచ్చ రాకుండా చూస్తావా?"
షెడ్డు ఓనరు, నిన్న రెండు కిలోలు కోసినవాడే,
తడిబట్టలతో ఆమె కాళ్ళ మీద పడతాడు.
నా చెయ్యి ఒక్కసారి తడబడితే చాలు
ఆమె మళ్ళీ నూకాలు, అతను మళ్ళీ ఓనరు.
అందుకే ఆ రాత్రి
కావాలనే ఇంకాస్త సేపు వాయించాను.
అరచెయ్యి పగిలింది. తోలు మీది ఎర్రచుక్కల్ని
కుంకమనుకున్నారు జనం.

మర్నాడు షెడ్డు గేటు దగ్గర అడిగాను,
"అక్కడేముంటది నూకాలప్పా?"
క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.
"ఏముంటది. గోదాట్లో అడుగు బురదలా చల్లగా ఉంటది.
పైన ఎవరో మాట్లాడుతుంటారు, నా గొంతుతోనే.
నన్ను మట్టుకు ఎవరూ పిలవరు."
నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది:
"నువ్వు తొందరగా ఆపేత్తావు."

జాతర మూడు రోజులే.
మిగతా ఏడాది ఓనరు చెరువుకి రాత్రి కాపలా నాది.
నీళ్ళలో ఏరేటర్లు తిరుగుతుంటాయి.
నాలుగు రెక్కల చక్రం ఒకటి, గట్టు చివర,
ఓ రెక్క విరిగింది.

దబ్, దబ్, దబ్,

దబ్, దబ్, దబ్,

గౌతమి మీంచి ఉప్పుగాలి.
టార్చి ఆర్పి, చెప్పులు విడిచి కూర్చుంటాను.
ఎడమ మడమ దానంతటది
బురదని వెతుక్కుంటుంది.

అయ్య మాట గుర్తుంది.
రెక్క సంగతి ఓనరుకి
ఇంకా చెప్పలేదు.