ఏ నేను?

ఆదోనిలో జిన్నింగు మిల్లు.
ఒక్క రౌటరు వెనక మూడు సర్వర్లు:
కాటా లెక్కది, జీతాలది, కెమెరాలది.
మూడింటికీ వీధిలోకి వాకిళ్ళు తెరిచిపెట్టి
వెళ్ళిపోయాడు నా ముందున్నవాడు.

లాగ్ తిరగేస్తే రాత్రంతా తలుపు చప్పుళ్ళే.
రూట్, అడ్మిన్, రూట్, టెస్ట్, మళ్ళీ రూట్.
వాచ్‌మన్ ఉరుకుందప్ప తొంగిచూసి అన్నాడు:
"ఇంట్లో ఎవురుండారో తెలీనోడే మేడమ్,
అన్ని పేర్లూ పెట్టి పిలిచేది."

రెండు వాకిళ్ళు మూసేశాను.
మిగిలినదానికి పాస్‌వర్డు పీకేసి తాళం వేశాను.
చెవి ఒకటే, నా ల్యాప్‌టాప్‌లో.
ఇంటికెళ్ళి, అన్నం కంచం పక్కకు జరిపి,
ఇంకొంచెం బిగిద్దామని
ఒక్క అంకె తప్పు కొట్టాను.
తెర కొయ్యబారింది.
నా వాకిట్లో నేనే పరాయిదాన్ని.

ఒంటిగంటకు స్కూటీ మీద,
పత్తి నలుసులు ఎగిరే యార్డు రోడ్డున పోయి
మిల్లు గేటు కొట్టాను.
"ఎవురది?"
"నేనే."
"ఏ నేను?"
గొంతు ఎరిగినవాడే. గొళ్ళెం కదల్లేదు.
"షంషాద్‌ను. కంప్యూటర్ల మేడమ్‌ను."
టార్చి వెలుగు ముఖం మీద ఆగి,
బ్యాడ్జీ మీదికి దిగి,
మళ్ళీ ముఖం మీదికొచ్చింది.

"ఏమనుకోవద్దు మేడమ్."
ఏమనుకుంటాను?
రెండు వారాలుగా ఆ రౌటరుకు
నేను నేర్పుతున్నది ఇదే.

నా వెనక
గేటు మళ్ళీ వేస్తున్న చప్పుడు.