ఏడో రాయి దగ్గర

హిమాయత్‌సాగర్ వెనక తట్టు,
శ్రావణం మొదటి వారం.
చెరువు ఎక్కడిదాకా చెరువో
కొలిచి చెప్పడం నా ఉద్యోగం.
ప్రిజం కర్ర పట్టుకొని మైసయ్య
మోకాలిలోతు బురదలో ఉన్నాడు.
మూడుకాళ్ల మీద నిలబెట్టిన యంత్రంలోకి
ఒక కన్ను మూసి చూశాను.
అడ్డగీతా నిలువుగీతా కలిసేచోట
కర్ర ఉండాలి.
పిట్ట ఉంది.

బొటనవేలంత.
పండుమిరపకాయ మీద ఎవరో
సున్నం చిలకరించినట్టు
ఎరుపు నిండా తెల్లచుక్కలు.
జీనువాయి.
ముక్కున అడ్డంగా
తనకంటే పొడుగు గడ్డిపరక,
కొస ఇంకా తడి.

జానెడు దూరంలో, జమ్ము కాడ మీద, ఆమె.
ఒళ్లంతా మట్టిరంగు.
తోక మొదట్లో మాత్రం
ఎవరికీ చెప్పని కాస్త ఎరుపు.

అతను వంగాడు. లేచాడు. వంగాడు.
ఈకలన్నీ ఉబ్బించి ఉన్నిబంతి అయ్యాడు.
గొంతు కదులుతోంది,
ఇంత దూరానికి పాట రాదు.
ఫోన్ చేశాను. "మైసయ్యా, కదలకు."
"చూసిన మేడమ్."
"పాడుతోందా?"
"పాడుతున్నది. సన్నగ.
పైకెల్లి కిందికి జారుతున్నది,
పలక మీద బలపం లెక్క."

కాసేపటికి తనే అన్నాడు, గొంతు తగ్గించి:
"చిన్నగున్నప్పుడు బంక పెట్టి పట్టేటోణ్ణి మేడమ్.
ముర్గీ చౌక్‌ల జోడి మూడు రూపాయలు.
పంజరంల పెడితే కొన్నాళ్లకు ఎరుపు పోయి
నల్లగైతుండె.
ఒకటుండె...
గడ్డి దొరకక సొంత ఈక పీక్కొని
ముక్కున పెట్టుకొని
చువ్వ ముందట వంగుతుండె."
ఆ తర్వాత ఫోన్‌లో
నీళ్ల చప్పుడే.

ఆమె మెడ అటు తిప్పుకుంది,
గండిపేట వైపు ఏదో పనున్నట్టు.
పరక జారిపోయింది.
దూకి ఇంకోటి తెచ్చాడు. పొట్టిది.
అదీ నచ్చలేదు.
మూడోది పట్టుకొచ్చి వంగినప్పుడు
ఆమె కూడా కొంచెం వంగిందనిపించింది.
గాలికి కాడే వంగిందేమో.
కోణాన్ని సెకన్ల దాకా చెప్పే యంత్రం
ఈ సంగతి చెప్పదు.

ఆఫీసు నుంచి రజాక్ సార్:
"ఏడో రాయి పడిందా?"
"బుడగ కుదరట్లేదు సార్," అన్నాను.
గాజుగొట్టంలో బుడగ
నడిమధ్య, గీతల లోపల,
కదలకుండా కూర్చుని ఉంది.

రాయిని ఒక్క అంగుళం జరపలేదు.
జరిపితే అది నా చెరువవుతుంది,
నీళ్లది కాదు.
మైసయ్య పిక్కలకు రెండు జలగలు పట్టేదాకా
ఆగాం, అంతే.

జంట లేచిపోయాక
రాయి పాతడానికి గడ్డి కోయాలి.
మైసయ్య కొడవలి తీశాడు,
వేలితో పదును చూశాడు,
నా వైపు ఓసారి చూసి
ఒక పక్కనే కోశాడు.