పదకొండో షెడ్డు

నా ఉద్యోగం ఆకుల్ని తిరగేయడం.
మెడలో నల్లదారం, దారానికి భూతద్దం.
పొద్దున ఆరింటికి
నైవాషా సరస్సు మీంచి చలీ, నీటిగుర్రాల గురకా
కలిసి వస్తుంటే
ప్లాస్టిక్ తలుపు తోసుకుని గులాబీల కిందికి వంగుతాను.
పూలు చూసే తీరిక నాకు లేదు.
ఆకు మొహం అందరికీ. నాకు దాని పొట్ట.

అక్కడుంటుంది ఎర్రనల్లి. పేరుకే ఎరుపు.
పాలిపోయిన ఒంటిమీద రెండు మచ్చలు,
ఎవరో కలంతో పొడిచి మర్చిపోయినట్టు.
గాజుపూసల్లాంటి గుడ్లు.
వాటిమీద ఊపిరి తగిలినా వణికే బూజు.
కూర్చున్నచోటే కూర్చుని తాగుతుంది.
పైన, ఆకు మొహాన, ఇసుక చల్లినట్టు తెల్లచుక్కలు.

అక్కడికే వస్తుంది రెండోది.
నారింజ రంగు, ఆవగింజలో పదో వంతు.
క్షణం కుదురుండదు. కళ్ళు లేవు దానికి.
గాయపడ్డ ఆకు ఏదో వాసనతో కేకేస్తుందట,
ఆ కేక పట్టుకుని కాళ్ళతో తడుముకుంటూ వస్తుంది.
నల్లిని పట్టి పీల్చేసి
తొక్క వదిలేసి ఇంకోదాని మీదికి.
దాని ఆకలిని నేను గంటలకొద్దీ చూశాను.
నా కూతురు అన్నం తింటుంటే కూడా
అంత ఆశగా చూసి ఉండను.

నవంబరులో సీసాలొచ్చాయి,
పొట్టులో పడుకోబెట్టి, సీసాకి రెండువేలు.
కూరలో ఉప్పు వేసినంత జాగ్రత్తగా చల్లాను.

నా పుస్తకంలో మూడో వరస:
నల్లులు నలభై, వేటనల్లులు రెండు.
వారానికి, ముప్పై ఒకటి, ఆరు.
ఆ పై వారం, పద్నాలుగు, తొమ్మిది.
ఇంకొక్క పది రోజులు ఆగండన్నాను.

ముటిసో నా పుస్తకం తెరవలేదు. గోడమీద క్యాలెండరు చూశాడు.
ఫిబ్రవరిలో ఒక రోజు,
ఎక్కడో మంచుకురిసే ఊళ్ళో, ఎవరో ఎవరికో
ప్రేమ చెప్పుకోవాలి.
పువ్వుకే కాదు, ఆకుక్కూడా మచ్చ ఉండకూడదు.
"కెముంటో, పదిరోజులు నీ పురుగులకి. నాకు లారీలున్నాయి."

రాత్రి పిచికారీ కొట్టింది మా పిన్ని కొడుకు ఒగెటో.
తెల్లారి కళ్ళు నులుముకుంటూ టీ తాగాడు,
టీ రుచి తెలియట్లేదన్నాడు.
షెడ్డంతా కడిగిన పళ్ళెంలా ఉంది.
ముటిసో నవ్వాడు.
భూతద్దంలో
నారింజ చుక్కలు కాళ్ళు ముడుచుకుని,
పెదవి దాకా తెచ్చిన ముద్ద అలాగే పట్టుకుని.

తొమ్మిదోనాడు గుడ్లు పగిలాయి.
మందు తిని బతికిన తల్లుల పిల్లలు
మందుని లెక్కచేస్తాయా?
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెడితే
పిల్లి కాలింది, ఎలుక కలుగులో ఉంది.

మూడో వరస: డెబ్భై, సున్నా.
మూడో వరస: నూట తొంభై, సున్నా.
సున్నా రాయడం తేలికనుకుంటారు.
కలం గుండ్రంగా తిరిగొచ్చేదాకా
చెయ్యి బరువెక్కిపోతుంది.

మళ్ళీ కొట్టారు. మందు మార్చి మళ్ళీ.
గులాబీలు పెట్టెల్లో పడుకుని విమానమెక్కాయి.
వాటి వాసన ఎలా ఉంటుందని నా కూతురు అడిగింది.
నాక్కూడా గుర్తులేదు.

ఇవాళ, చివరి వరసలో,
నీళ్ళ గొట్టం గోడకి ఆనుకున్న మూల,
ఒగెటో చెయ్యి చాపినా అందని కొమ్మ.
ఆకు తిప్పాను.
కదిలింది.
నారింజ రంగు.
ముందుకాళ్ళతో గాలిని తడుముతూ, ఆగి,
మళ్ళీ తడుముతూ.

పుస్తకంలో రాస్తే ముటిసో అడుగుతాడు,
ఆ మూలకి మందెందుకు తగల్లేదని.
పదకొండేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదు నేను.
ఇవాళ ఆ కొమ్మకి ఎదురుగా రాశాను:
ఆకులు లేవు.

రేపు కొంచెం ముందొస్తాను.
దానికి తిండి కావాలి కదా,
మూడో వరస నుంచి నల్లులున్న ఆకొకటి కోసి
జేబులో పెట్టుకుని.