సజాతి పదాలు

పటమట మున్సిపల్ హైస్కూలు,
ఏడో తరగతి బి సెక్షన్.
బోర్డు మీద 'సజాతి పదాలు' అని రాయగానే
వెనక బెంచీలోంచి ప్రశ్న:
"అంటే ఒకే కులపోళ్ళా టీచర్?"
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాననే అనుకుంటాను.
సుద్దముక్క మాత్రం విరిగింది.

అడిగింది నాగుల్ మీరా.
యూనిట్ టెస్టులో వాడే
మూడు ఎక్స్‌కి రెండు ఎక్స్ స్క్వేర్ కలిపి
ఐదు ఎక్స్ క్యూబ్ చేశాడు.
గుండ్రటి దస్తూరీ, జవాబు కింద రెండు గీతలు.
ఎర్రసిరాతో సున్నా చుట్టాను.

శనివారం సాయంత్రం
స్కూటీ సైలెన్సర్ బోల్టు ఊడి
ఆటోనగర్ వెళ్ళాను.
వాడి మేనమామ కొట్టు. గోనెపట్టా మీద
పాత లారీల్లోంచి విప్పిన బోల్టుల గుట్ట,
దాని ముందు గొంతుక్కూర్చుని వీడు.
నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.
ఒళ్ళో నట్లున్నాయి.

తుప్పు పట్టినదాన్నీ తళతళలాడేదాన్నీ
ఒకే డబ్బాలోకి విసిరాడు.
ఒకే లావు, ఒకే పొడవున్న రెంటిని మాత్రం
విడదీసి చెరో డబ్బాలో వేశాడు.
"రెండూ ఒకటేగా?" అన్నాను.

"లావొకటే టీచర్. మర వేరు.
దీనిది సన్నమర, దానిది ముతకమర.
బలవంతంగా ఎక్కిస్తే రెండూ పాడైపోతాయి."
గోటితో చుట్ల మీద గీకి చూపించాడు.
అవి కనపడ్డానికి
నేను కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సొచ్చింది.

అక్షరం ఒకటే. ఘాతం వేరు.
పదిహేడేళ్ళుగా చెబుతున్నాను,
ఆవులూ గేదెలూ అని, జామకాయలూ అరటికాయలూ అని.
ఎన్నడూ నా గోటికి తగల్లేదు.

"మరి తుప్పుదాన్ని కొత్తవాటితో వేశావేం?"
"పట్టేది మరే కదా టీచర్.
తుప్పుదేముంది, కిరోసిన్లో పోద్ది."

పక్కన మూతలేని పాలపొడి డబ్బా.
దేంతోనూ కలవనివి, లెక్కపెట్టాను, ఏడు.
"ఏ బండివో తెలీదు. ఉండనీరా అంటాడు మామయ్య."
ఎక్స్ లేదు, వై లేదు,
ఉత్త ప్లస్ ఏడు.
చివరి మెట్టు దాకా దించుకుంటూ రావాలి,
వదిలేస్తే అరమార్కు పోతుంది.

సోమవారం పేపర్లిచ్చాను.
సున్నా చెరపలేదు, తప్పు తప్పే.
పక్కన చిన్నగా రాశాను:
సన్నమర, ముతకమర.
మొదటి రోజు ప్రశ్నకి జవాబు
ఇంకా నా దగ్గరే బాకీ ఉంది.

వాడు చదివాడు. తలెత్తలేదు.
బెల్లు కొట్టేదాకా
ఎక్స్ నెత్తిన కూర్చున్న ఆ బుల్లి రెండుని
గోటితో గీకుతూనే ఉన్నాడు.