గరిటె పెట్టకూడదు

బుధవారం. సెగెడ్ ఊరంతా పనిలో ఉంది,
నేను తప్ప.
నా రెండో నెంబరు ట్రామును ఇవాళ
ఎవరో కుర్రాడు తోలుతున్నాడు.
మార్కెట్ మలుపులో గంట కొడతాడో కొట్టడో
నాకెందుకు.

టీసా ఒడ్డున ఇసుక ఇంకా చల్లగానే ఉంది.
చెప్పులు విప్పి విల్లో వేరు మీద పెట్టాను.
ఫోను ఎడమ చెప్పులో దాచాను,
మోగితే చెప్పే మాట్లాడుకుంటుంది.

యాభై రెండో ఏట సెలవంటే
ఎక్కడికో ఎగిరిపోవడం కాదు,
వంగి పుల్లలు ఏరుకుని లేచేటప్పుడు
మోకాళ్ళు అనే మాటలు
పక్కన ఇంకెవరూ వినకపోవడం.

మూడు కర్రలు నిలబెట్టి, గొలుసు కట్టి,
కుండ వేలాడదీశాను.
డెజో వెళ్ళిపోతూ మంచి కత్తులు పట్టుకెళ్ళాడు,
కుక్కని, రేడియోని కూడా.
దీన్ని మరిచాడు.
బయటి మసి అతని వైపు వాళ్ళది,
మూడు తరాలది.
లోపలి మెరుపు నేను తోమింది.

పొద్దున చేపల గెర్గే తూకం వేస్తూ
"ఒక్కదానికే ఇంతా?" అన్నాడు.
"ఒక్కదానికే" అన్నాను.
రెండు తలకాయలు ఊరికే వేశాడు.
జాలో, మర్యాదో
విప్పి చూడలేదు.

ఉల్లిపాయలు నాలుగు.
నది పక్కన కోస్తే వచ్చే కన్నీళ్ళకు
సంజాయిషీ అక్కర్లేదు.
తలలూ తోకలూ ఉల్లితో కలిసి
ఉడికి, ఉడికి, ఆకారం మరిచాక
జల్లెడ పట్టి, పిప్పిని కాకులకు పోసి,
కారం వేశాను. మూడు చెంచాలు, నిండుగా.
మా ఊరి కారం.
ఎరుపెక్కువ, మంట తక్కువ.
మనుషులూ అంతే అంటారు గానీ
వాళ్ళు మా అత్తగారిని చూడలేదు.

అప్పుడు కార్ప్ ముక్కలు, ఒక్కొక్కటే.
ఆపైన ఏమీ లేదు, చూస్తూ కూర్చోవడమే.
బడిపిల్లలు నలుగురు పడవ తోసుకుంటూ
లెక్క తప్పి, తిట్టుకుని, మళ్ళీ లెక్కపెట్టుకుంటూ పోయారు.
ఒక కప్ప నా టవల్ మీదికెక్కి దిగింది.
ఏడు స్టాపులంత సేపు నిద్రపోయాను,
మెడ వంకర పెట్టుకుని, నోరు తెరుచుకుని.

లేచేసరికి పులుసు తెర్లుతోంది.

ఇక్కడొక నియమం ఉంది.
ఈ పులుసులో గరిటె పెట్టకూడదు.
పిడి పట్టుకుని కుండనే
కాస్త ఇటూ కాస్త అటూ ఊపాలి.
గరిటె పెడితే ముక్క చితికిపోతుంది,
డెజో అనేవాడు, వాళ్ళ నాన్న అనేవాడు, ఆయన నాన్నా.
ఇంకే విషయంలోనూ కలవని మగవాళ్ళు
ఈ ఒక్క మాట మీద నిలబడ్డారు.
ఇరవై రెండు వేసవులు
తరిగాను, కడిగాను, ఉప్పందించాను.
పిడి మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ట్రాముకు స్టీరింగుండదు.
ఈ సంగతి ఎక్కేవాళ్ళలో చాలామందికి తెలీదు.
పోనివ్వడం, ఆపడం, అంతే,
తిప్పేదంతా పట్టాలే.

సంచిలోంచి పెద్ద చెక్క గరిటె తీశాను.
అనుకునే తెచ్చానేమో, చెప్పలేను.
అడుగంటా దింపి
ఒక్క చుట్టు. నెమ్మదిగా.
ఆగి, ఇంకో చుట్టు,
ఈసారి అటువైపు.

చితికింది. నిజంగానే.
డెజో అబద్ధమాడలేదు.
పులుసు మబ్బుపట్టింది, ముళ్ళు విడిపోయాయి.
తెల్ల రొట్టె తుంచి ముంచి,
పచ్చిమిరపకాయ కొరికి,
ముళ్ళు ఏరి గడ్డిలోకి ఉమ్ముతూ
రెండు గిన్నెలు తిన్నాను.
ముక్కు కారింది. తుడుచుకోలేదు.

చెప్పు మోగింది. బోర్బాలా.
"అమ్మా, ఎక్కడున్నావ్?"
"తింటున్నా."
"ఎక్కడ అంటే?"
"తింటున్నానే."

పొద్దు వాలుతుంటే గెర్గే పడవ అటుగా వచ్చింది.
తెడ్డు ఎత్తిపట్టి అడిగాడు,
ఎలా కుదిరిందని.
"ఉప్పు తక్కువైంది" అన్నాను.
అదీ నిజమే.
"ఇంకో గిన్నె లేదు" అన్నాను.
పడవ ఒడ్డుకు తిప్పుతూ
తన టీ కప్పు పైకెత్తి చూపించాడు.