లోపల ఖాళీ ఉన్నది

పందొమ్మిదేండ్లు
ఈ కాలేజీ గేటు ముందల్నుంచే పోయిన,
మాసాబ్‌ట్యాంక్, మాసాబ్‌ట్యాంక్, దిగేటోళ్ళు రాండ్రి అనుకుంట.
ఒక్కనాడు గూడ నేను దిగలే.

ఇప్పుడు మోకాళ్ళు అరిగినంక
వాలంటరీ రిటైర్మెంట్ కాయితం మీద సంతకం పెట్టి
నా బిడ్డ ఈడు పిల్లల నడుమ
స్టూలు మీద కూసున్న.
టికెట్లు చింపిన ఏళ్ళ సందున బొగ్గుముక్క.

ముందల బల్ల మీద కుండ.
గీసిన. కడుపు, మెడ, మూతి.
నుజ్హత్ మేడమ్ చూసి
"కుండ సంగతి ఇడిచిపెట్టమ్మా,
దాని చుట్టు ఉన్న ఖాళీని గీయి" అన్నది.
ఖాళీని ఎట్ల గీస్తరు?
పక్క స్టూలు పిలగాడు నవ్వి రబ్బరు ఇచ్చిండు.

పగటి బువ్వ తిన్నంక తత్వం క్లాసు.
ఎజ్రా సారు బోర్డు మీద సున్న సుట్టి
శూన్యం అంటే ఏం లేదని కాదు,
ఏదీ దానంతటది ఒంటరిగ నిలవదని, అన్నడు.
పిల్లలు రాసుకుంటున్నరు.
నేను బ్యాగుల చెయ్యి పెట్టి
పొద్దుగాల్టి జీరో టికెట్ తీసి చూసుకున్న.
సున్న రూపాయలు.
ఆ సున్న చేతిల లేకుంటే చెకింగోడు ఊకుంటడా?

అన్ని నాకు బస్సుల నుంచే ఎక్కినయి.
జైనులు ఒక్క మాటను ఏడు తీర్ల చెప్తరంట:
ఉన్నదేమో, లేదేమో, ఉండి లేదేమో...
చిల్లర కాడ నేను రోజు ఇన్నదే.
పరీక్షల అదే రాస్తే సారు
"ఉదాహరణ బాగుంది, పాఠం ఏది?" అని
ఆరు మార్కులేసిండు.
గ్రీకోళ్ళల్ల కొందరు
నీ చేతుల లేనిదానికి ఏడ్వకు అన్నరంట.
వాళ్ళు మెహిదీపట్నంల సాయంత్రం ఆరింటికి ఎక్కలే.
సూఫీలు 'నేను' అనేదాన్ని కరిగిస్తరంట.
ఇది మాత్రం సమజ్ కాలే.
దాన్ని కూడవెట్టుకునేసరికే యాభై ఏండ్లు దాటె.

సారుకు చెప్పనిది ఒకటున్నది.
లక్డీకాపూల్ కాడ, వానల,
మూడు రూపాయలు తక్కువైనయని
ఒక ముసలాయన్ని దించిన.
ఏం అనలే. కడ్డీ పట్టుకొని మెల్లగ దిగిండు.
చెప్పు ఒకటి మెట్టు మీదనే ఉండిపోయె.
నేను రైట్ రైట్ అన్న.

ఏ దేశం తత్వంల ఉన్నడో ఆయన,
దేవులాడుతున్న.

ఏడాది ఆఖరు బొమ్మకు బస్సు లోపలిని గీసిన.
కడ్డీలు, చేతులు, నెత్తులు,
మోపు కట్టిన గడ్డి లెక్క జనం.
మూడు బొగ్గుముక్కలు అరిగినయి.
ఫుట్‌బోర్డు కాడ మాత్రం
మనిషంత జాగ తెల్లగ ఇడిచిన.
మొఖం యాదికి లేదు.
చుట్టున్నదంత యాదికున్నది.

మేడమ్ చానసేపు చూసింది.
"ఇక్కడ ఎవరన్న ఉండాల్నా?"
నేను మాట్లాడలే.

కిటికీ బయట నూట ఇరవై ఏడు వచ్చి ఆగింది.
కొత్త పిల్ల, గొంతు ఇంక పలగలే,
నా మాటనే ఒర్లుతున్నది:
ముందుకు జరుగుండ్రి,
లోపల ఖాళీ ఉన్నది.