గోడకి అటూ ఇటూ

కుంతలా అపా ఇంట్లోకి
కార్తీకం మాకంటే పదిహేను రోజులు ముందొస్తుంది.
పున్నమి దాటితే నెల మారిపోతుంది వాళ్ళకి,
మాకు అమావాస్య దాటాలి.
పర్లాకిమిడిలో మాది ఒకటే గోడ,
దానికి అటొక మేకు, ఇటొక మేకు,
కేలండర్లు రెండు.

నేనింకా చేపల పులుసులో చింతపండు పిసుకుతుంటే
ఆవిడ తలారా నీళ్ళోసుకుని
తులసి కోట చుట్టూ రంగుల ముగ్గు పెట్టేస్తుంది.
"వాసన ఇటు రానీకే" అని కిటికీ మూస్తుంది.
నెల తిరిగేసరికి ఆ బాకీ తీర్చేస్తుంది.
పున్నమి తెల్లారగట్ల మహేంద్రతనయలో
అరటిదొన్నె పడవ వదిలొచ్చి,
మర్నాడు ఛాడఖాయి అంటూ
వీధి వీధంతా వినబడేలా చేపలు వేయిస్తుంది.
నాకింకా పదిహేను రోజుల దీపాలుంటాయి.

మా తమ్ముడు ఢిల్లేసు
ఆ సందులోనే పోయాడు.
ఆశ్వయుజ బహుళ పంచమి, అంటాను నేను.
కాదు, కార్తీకం, అంటుంది ఆవిడ,
"వ్రతంలో ఉన్నాను, నాకు తెలీదేటి?"
ఇద్దరం నిజమే చెబుతాం.
పదకొండేళ్ళుగా వాడు
ఒకే రోజున రెండు నెలల్లో చచ్చిపోతున్నాడు.

కొమ్ము పని వాడిది.
గేదెకొమ్ము నిప్పు మీద కాచి
కొంగల్నీ రొయ్యల్నీ వంచేవాడు.
వేడి మీదుండగానే వింటాదక్కా,
సల్లారితే మన మాట వినదు, అనేవాడు.
నాకో దువ్వెన చేసిచ్చాడు.
అప్పట్లో నా జడకి అది చాలేది కాదు.
ఇప్పుడు దానికి ఏడు పళ్ళూడాయి,
అయినా నా జుట్టుకి అదే ఎక్కువ.

ఏళ్ళు ఎలా గడిచాయో తెలీలేదంటారు కదా,
నాకూ తెలీలేదు.
ఆ ఒక్క మధ్యాహ్నమే గడవలేదు.
ఆసుపత్రి వరండాలో బల్ల మీద
వాడి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని
తలుపు సందులోంచి సెలైన్ చుక్కలు లెక్కపెట్టాను.
నూట పదమూడు దగ్గర తప్పాను.
మళ్ళీ ఒకటి.

దీపావళి వెళ్ళాక మాత్రం
పున్నమి దాకా ఇద్దరిదీ ఒకే నెల.
గోడ మీంచి గిన్నెలు నడుస్తాయి,
అటునుంచి ఉల్లి లేని డాల్మా,
ఇటునుంచి కందా బచ్చలీ.
ఇవాళ ఏ తిథని ఎవరూ అడగరు.

నిన్న గిన్నె కోసం వచ్చి
గూట్లో దువ్వెన చూసింది.
"ఇది ఎప్పుడు చేసాడే?"
నెల చెప్పబోయి ఆగాను.
అప్పటికింకా వాడికి లాగు జారిపోయేది,
ఒక చేత్తో పట్టుకునే ఆకురాయి పట్టేవాడు, అన్నాను.

"ఓ, అప్పుడా" అంది కుంతలా అపా.
గిన్నె తీసుకుని వెళ్ళింది.